ఇరవై నిమిషాల ఏడు సెకండ్లు

మహావీరుల సాక్సులు సామాన్యుల సాక్సుల కన్నా ఎక్కువ కంపు కొడతాయన్న సత్యాన్ని ఏ ఆస్థాన చరిత్రకారుడూ గ్రంథస్థం చేయలేదు. కారణం ఏమంత గహనమైనది కాదు. ఆస్థాన చరిత్రకారులు బట్టలు ఉతకరు. కామారెడ్డిలో, రైలుకట్టకు ఇవతలి కాలనీలో, రెండంతస్తుల ఇంటి వెనుక నల్లా కింద బకెట్ పెట్టుకుని పీట మీద కూర్చున్న ప్రమోదకు మాత్రం ఆ సత్యం పద్నాలుగేళ్ల కాపురంలో వేళ్ల ద్వారానూ, ముక్కు ద్వారానూ సంక్రమించింది. ఇంట్లో బట్టల మిషన్ లేక కాదు. "గవి మామూలు సాక్సులు గావు. మిషన్ల వేస్తే సాగుతయి. చేతితోని పిండు," అని ఆమె భర్త నరేందర్ ఎన్నడో శాసనం జారీ చేసి ఉన్నాడు.

ఆ ఆదివారం ఉదయం బకెట్ అడుగున ఆమె చేతికి ఒక నల్లటి పేలిక తగిలింది. తీసి పిండితే నురుగుతో పాటు సైకిలు గొలుసు గ్రీసు కారింది. విప్పి చూస్తే అది పేలిక కాదు, చొక్కా. ఒకప్పుడు ఆకాశనీలం రంగుది. ముందు వైపు నూట పద్దెనిమిది అంకె. వెనుక, సగం మసిబారిన అక్షరాల్లో, ఆమె పేరు.

"ఇది నాది," అంది ప్రమోద.

వరండాలో తన సైకిలును తలకిందులుగా నిలబెట్టి, చక్రం తిప్పి దాని సంగీతం వింటున్న నరేందర్ తల తిప్పలేదు. "నీదే. మూలకు పడి ఉండె. నువ్వెట్లాగూ తొడుగుతలేవు గద. చైన్ తుడువనీకి మెత్తగుంటది."

తొడుగుతలేవు గద! నిజమే, తొడగడం లేదు. తొడుక్కుని ఎక్కడికి పోవాలి? పాలప్యాకెట్టు కోసం వీధి మూల నుక్కడ్ దాకా పోయినా, ఆ చొక్కా చూసినవాడల్లా "పతకం ఏది మేడమ్?" అని అడుగుతాడు. పతకం ఇంట్లో ఒక్కటే ఉంది. అది ముందుగదిలో, టీవీ పైన, పూలదండతో సహా వేలాడుతోంది. దాని మీద ఆమె పేరు లేదు. దాని దుమ్ము దులపడం మాత్రం ఆమె పనే.

ఇక్కడ నరేందర్ వంశప్రశస్తి కొంత చెప్పుకోక తప్పదు. ఎల్లారెడ్డిలో నాలుగు తరాలుగా భూములున్న కుటుంబంలో పుట్టి, కామారెడ్డి బస్టాండుకు కూతవేటు దూరంలో డ్రిప్ పైపుల దుకాణాన్ని స్థాపించి, బోర్ల కాలంలో ఇంతింతై ఎదిగినవాడు. నలభై రెండో ఏట డాక్టరు అతని రక్తం పరీక్షించి, కాస్త నడవమన్నాడు. నడవడం నౌకర్ల పని గనుక నరేందర్ ఉక్కుమనిషి కావాలని నిశ్చయించాడు. హైదరాబాద్ నుంచి సైకిలు దిగింది. అశ్వమేధపు గుర్రానికి కూడా అంతటి మర్యాద జరిగి ఉండదు. ఎల్లారెడ్డి నుంచి అతని తల్లి కమలవ్వ స్వయంగా వచ్చి, కొబ్బరికాయ కొట్టి, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి, హ్యాండిలుకు నల్లదారం కట్టింది. ఆ యాగాశ్వం తిరగవలసిన దిగ్విజయ మార్గం ఇది: పోచారం చెరువులో రెండు కిలోమీటర్ల ఈత. నీళ్లలోంచి లేచి తడి ఒంటితోనే సైకిలెక్కి, ఎల్లారెడ్డి, లింగంపేటల మీదుగా కామారెడ్డి దారిలో పోయి మళ్లీ వెనక్కి రావడం, మొత్తం తొంభై కిలోమీటర్లు. సైకిలు దిగిన కాళ్లతోనే కాలువకట్ట వెంట ఇరవై ఒక్క కిలోమీటర్ల పరుగు. దీన్ని ట్రయథ్లాన్ అంటారు. ఏడాదికొకసారి రాజధాని నుంచి ఒక క్లబ్బువాళ్లు వచ్చి నిర్వహిస్తారు. పొద్దున ఆరున్నరకు మొదలు. ఈత, సైకిలు రెండూ ముగించుకుని మధ్యాహ్నం పన్నెండు లోపల తిరిగి రాకపోతే తాడు అడ్డం కట్టేస్తారు, పరుగు ఉండదు.

ఈతకూ సైకిలుకూ మధ్య బట్టలు మార్చుకోవడానికి చెరువు గట్టున తాళ్లు కట్టి ఒక జాగా చేస్తారు. కమలవ్వ దాన్ని మేకలదొడ్డి అంది. అదే పేరు ఇంట్లో నిలిచింది. ఆ దొడ్డిలోకి పోటీదారులు తప్ప పరపురుషుడు గానీ, స్వంత భార్య గానీ అడుగు పెట్టరాదన్న నిబంధన చదివిన నాడు నరేందర్ భోజనం దగ్గర ముద్ద కలుపుతూ ఆగిపోయాడు. తర్వాత అతని ముఖం వెలిగింది.

"ఇగో, నువ్వు గూడ పేరియ్యి. లోపట నాకు టవలు, సాక్సులు, మొరంగడ్డలు సదిరి ఇయ్యనీకి ఓ మనిషి ఉంటది."

"మరి ఈత? సైకిలు?"

"ఈదినంత ఈదు. పడవలు తిరుగుతనే ఉంటయి, ఎక్కి వచ్చెయ్యి."

చక్రవర్తుల వెంట వింజామర పట్టుకున్నవాళ్లు కూడా యుద్ధభూమిలో అడుగు పెడతారు, కానీ సేనల పట్టికలో వాళ్ల పేర్లుండవు. ప్రమోద పేరు ఎక్కింది. ఆ ఒక్క పొరపాటు అక్కడే జరిగింది.

ఎందుకంటే ఆమె నాగిరెడ్డిపేట పిల్ల. పోచారం నీళ్ల కింద వరి పండించే ముత్తయ్య కూతురు. తొమ్మిదో ఏట నడుముకు ఖాళీ నూనెడబ్బా కట్టించుకుని వ్యవసాయ బావిలోకి దూకింది. పదో ఏట డబ్బా విప్పి గట్టున పారేసింది. పదమూడో ఏట ముత్తయ్యే మెట్ల మీద అడ్డం నిలబడి, "ఇగ సాలు బిడ్డా, పెద్దదానివైనవ్," అన్నాడు. పాతికేళ్ల తర్వాత, భర్త సామానుగా నమోదై, సాధన పేరుతో మళ్లీ చెరువులోకి దిగిన నాడు ఆమెకు నీళ్లు పరాయిగా తోచలేదు. చేతులు తమంతట తామే చాచుకున్నాయి. ఒడ్డున నిలబడి "మెల్లగ, మెల్లగ, మునుగుతవ్!" అని నరేందర్ అరుస్తుంటే, చెవుల్లో నీళ్లు ఉండడం ఎంత సుఖమో ఆమెకు తొలిసారి తెలిసింది.

నాలుగు నెలలు ఆమె కూడా సాధన చేసింది. అయితే దానికి సాధన అని ఎవరూ పేరు పెట్టలేదు. పావుతక్కువ నాలుగుకు లేచి అతనికి మొరంగడ్డలు, అదే చిలగడదుంపలు, ఉడికించి, పదమూడేళ్ల కూతురు ఆశ్రితకు అన్నం డబ్బా కట్టి, రాజంపేట హైస్కూలుకు బస్సు మానేసి సైకిలు మీద పోయేది. ఆమె అక్కడ లెక్కల టీచరు. సైన్సు ల్యాబులో చీర మార్చుకుని బయటికొస్తే ప్రధానోపాధ్యాయుడు సునీల్‌కుమార్ గుమ్మంలోనే ఎదురయ్యేవాడు. "మేడమ్, సైకిలు మీద వస్తే పిల్లలేమనుకుంటరు? గౌరవంగ బస్సుల రండి. గట్లనే, జెండా పండుగ నాడు టిఫిన్లు మీరే చూసుకోవాలె. మీ చేతి ఉప్మా మస్తుంటది." ఆ పాఠశాలలో పదకొండు మంది ఉపాధ్యాయులున్నారు. రవ్వ వేయించే విద్య మాత్రం గణితశాస్త్ర శాఖకే దఖలు పడింది.

పోటీ నాడు జరిగింది ఇంతే. ఆమె నలభై ఒక్క నిమిషాల్లో రెండు కిలోమీటర్లు ఈది గట్టెక్కింది. చీలమండకు కట్టిన, అగ్గిపెట్టెలో సగం కూడా లేని చిప్పు అక్కడి చాప మీద కాలు పడగానే కీచుమంది. దొడ్డిలో సైకిళ్లన్నీ దాదాపు అలాగే నిలబడి ఉన్నాయి. అంటే తన వెనుక నీళ్లలో ఇంకా చాలామంది ఉన్నారన్నమాట. ఆ మాట ఆమె గుండెల్లో ఒక క్షణం ఎగిరింది. ఆ వెంటనే ముందురోజు సాయంత్రం నరేందర్ నవ్వుతూ అన్న మాట దాని రెక్క పట్టుకుంది: "ఒకవేళ నువ్వు ముందొస్తే గిస్తే, జర ఆగు. నేనొచ్చేదాక."

ఆగింది. తడి బట్టలతో, నీళ్లోడుతూ, పదిహేడు నిమిషాలు. టవలు పరిచింది. సాక్సులను మడమ దాకా తిరగేసి నోళ్లు తెరిచి ఉంచింది. బూట్ల పట్టీలు విప్పింది. మొరంగడ్డలు తొక్కతీసి ఉప్పు చల్లింది. పక్కనుంచి ఒక్కొక్కరే వచ్చి, తుడుచుకుని, సైకిళ్లు ఎక్కి పోతున్నారు. అంతలో నరేందర్ క్షీరసాగరాన్ని ఒంటిచేత్తో చిలికి వచ్చినవాడిలా రొప్పుతూ వచ్చి కూలబడి, కాలు చాచాడు. అదేమీ అడగడం కాదు. కాలు చాచడం, అంతే. ఆమె సాక్సు తొడిగింది. "నీళ్లు. అద్దాలు. టోపీ. ఏదీ, ఇంకో గడ్డ?" రెండు నిమిషాల్లో లేచాడు. సైకిలు తోసుకుంటూ వెనక్కి చూడకుండానే, "నువ్వు మెల్లగ రా," అన్నాడు.

ఆమె తన సైకిలు మీద చేయి వేసేలోగా తాడు అవతల నుంచి కమలవ్వ కేక పెట్టింది. "అయ్యో పిల్లా! తడి తల, బోడి నొసలు, పుణ్యస్త్రీవి గట్లనే రోడ్డెక్కుతవా? రా ఇటు!" కుంకుమ భరిణ సిద్ధంగా ఉంది. తడి నుదుటి మీద కుంకుమ నిలవలేదు, ముక్కు మీదికి కారింది. తుడిచి మళ్లీ పెట్టింది. మళ్లీ కారింది. మూడోసారికి గానీ ఆచారం ఆరలేదు.

లింగంపేట ఎక్కుడు దారిలో ఆమె తొడలు రాళ్లయ్యాయి. తిరుగుదారిలో, ఎల్లారెడ్డిలో అత్తగారి వీధి మూల మీద ఎవరో "నరేందర్ ఎప్పుడో పాయె!" అని చెప్పి నవ్వారు. ఆమె తిరిగి వచ్చేసరికి పన్నెండు దాటి నాలుగు నిమిషాలు. తాడు కట్టేశారు. దాన్ని పట్టుకుని నిలబడ్డ మనిషి కాలువ నీళ్లు వదిలే లష్కర్ భీమేష్, నెరిసిన మీసాలవాడు. ఆ ఒక్కరోజు కోసం క్లబ్బువాళ్లు అతణ్ణి కాపలాకు పెట్టుకున్నారు. వంగి ఆమె చీలమండ నుంచి చిప్పు విప్పుతూ, "నాలుగు నిమిషాలకు తప్పిపోయింది బిడ్డా. తాడు నాది గాదు, నేనేం జేద్దు," అన్నాడు. నరేందర్ పన్నెండుకు ఆరు నిమిషాలు ఉండగానే దాన్ని దాటిపోయి ఉన్నాడు.

తర్వాతి రెండు వారాల చరిత్ర ఫ్లెక్సీల మీద ఉంది. బస్టాండు ఎదుట, దుకాణం ముంగిట, ఎల్లారెడ్డి చౌరస్తాలో మూడు శిలాశాసనాలు వెలిశాయి, 'ఉక్కుమనిషి నరేందర్ గారికి హార్దిక శుభాకాంక్షలు' అని. ఒకదానిలో సైకిలు ముందుచక్రం అతని తల వెనుక ప్రభామండలంలా అమరింది. ఫంక్షన్ హాల్లో సన్మానం జరిగింది. శాలువా, పూలు ఉన్న పళ్లెం పట్టుకుని వేదిక మీద నిలబడే గౌరవం ప్రమోదకు దక్కింది. నరేందర్ మైకు అందుకుని క్రమశిక్షణ గురించి, సంకల్పబలం గురించి, తెల్లవారుజామున లేవడం గురించి మాట్లాడాడు. అతణ్ణి లేపిన గడియారానికి రెండు చేతులూ, ఒక వంటగదీ ఉన్నాయన్న సంగతి ఆ ఉపన్యాసంలో చోటు చేసుకోలేదు. చివరికి దయగా ఆమె వైపు చూశాడు. "మా మిసెస్ గూడ ట్రై చేసింది. పాపం, గేటు మూసేసిండ్రు. ఏం జేస్తం? ఆడోళ్ల శరీరం గంతే, దేవుడే గట్ల చేసిండు."

హాలు నవ్వింది. నవ్వితే నవ్వింది గానీ, ఆ క్షణాన ముఖం దాచుకోవడానికి ఆమెకు చేతులు ఖాళీ లేవు. రెండింటిలోనూ అతని శాలువా పళ్లెం ఉంది. ఆ సంగతినే ఆమె ఆ తర్వాత చాలాసార్లు తలచుకుంది. సోమవారం స్టాఫురూములో ఎవరో మెల్లగా "గేటు మేడమ్ వచ్చిండ్రు," అన్నారు. సునీల్‌కుమార్ ఓదార్చాడు కూడా: "మనసుకు తీసుకోకండి మేడమ్, పాల్గొనుడే గొప్ప." కమలవ్వ ఫోను చేసి, "పోనీయ్ బిడ్డా, ఇంట్ల ఒగరు గెలిస్తే ఇద్దరు గెల్చినట్టే," అంది. అన్నిటికన్నా అన్యాయం ఏమిటంటే ప్రమోద ఆ మాటలన్నీ నమ్మింది. తన తొడలే చాలలేదనుకుంది, తన ఊపిరే పొట్టిదనుకుంది. జవాబు తప్పు వస్తే ఎక్కడ మెట్టు జారిందో వెనక్కి పోయి చూడండి అని పదహారేళ్లుగా పిల్లల చెవుల్లో ఇల్లు కట్టుకుని పోరిన మనిషి, తన విషయంలో మాత్రం జవాబు కింద ఎర్రసిరా గీత చూసి పుస్తకం మూసేసింది.

అందుకే ఆ ఆదివారం నల్లా దగ్గర, చక్రం సంగీతం వింటున్న భర్తకు ఎదురు చెప్పే బదులు ఆమె గ్రీసు చొక్కాను మళ్లీ బకెట్లో ముంచింది. వెనుక మెట్ల మీద కూర్చుని ఫోను చూస్తున్న ఆశ్రితే తల ఎత్తింది.

"మమ్మీ, నీ టైములు చూసినవా? నీళ్లకు ఎంత, సైకిలుకు ఎంత, అన్నీ వాళ్ల వెబ్‌సైట్ల పెట్టిండ్రు."

"చూసి ఏం జేస్తనే. ఓడినదానికి టైములెందుకు?"

"ఓసారి చూడరాదు!" ఆశ్రిత వచ్చి పక్కన గొంతుక్కూర్చుంది. ఫోను చూపిస్తూ గొంతు తగ్గించింది. "నూట పద్దెనిమిది నువ్వు. నూట పదిహేడు డాడీ. ఈతల నువ్వు నలభై ఒకటి, డాడీ యాభై ఎనిమిది. మమ్మీ! డాడీకన్న పదిహేడు నిమిషాలు ముందొచ్చినవ్! నాకు ఎవ్వలు చెప్పలే!" ఆ పిల్ల వేలు పక్క గడిలోకి జరిగి ఆగింది. "గీడ బట్టలు మార్చుకునుడు. డాడీ రెండు నిమిషాల మూడు సెకండ్లు. నువ్వు ఇరవై నిమిషాల ఏడు సెకండ్లు." నుదురు ముడివేసి తల్లి ముఖంలోకి చూసింది. "గంతసేపు ఏం జేసినవ్ మమ్మీ? పట్టుచీర గిట్ల గట్టినవా?"

ప్రమోద ఫోను మీదికి వంగింది. చేతుల మీద నురుగు ఆరిపోయేదాకా ఆ గడి వైపే చూసింది. పద్నాలుగేళ్లుగా ఆమె నిలబడుతూనే ఉంది. గుమ్మంలో టవలు పట్టుకుని, స్నానాల గది బయట లుంగీ పట్టుకుని, వాకిట్లో బూట్లు పట్టుకుని, భోజనాల దగ్గర రెండో వడ్డనకు గరిటె పట్టుకుని, ఎల్లారెడ్డి ఇంట్లో మగవాళ్ల పంక్తి లేచేదాకా చల్లారిన అన్నం పక్కన గోడకు ఆనుకుని. ఆ నిలబడడానికి ఎప్పుడూ ఎవరూ పేరు పెట్టలేదు, అది ఎంతసేపో ఎవరూ కొలవలేదు. 'ఇంట్లనే ఉంటది గద' అన్న మూడు మాటల్లో అదంతా ఇమిడిపోయేది. ఇప్పుడు అగ్గిపెట్టెలో సగం లేని ఒక యంత్రం, భర్త ఎవరో అత్త ఎవరో పుణ్యస్త్రీ అంటే ఏమిటో ఎరగని ఒక వెర్రి యంత్రం, ఆమె చీలమండను పట్టుకుని కూర్చుని, ఆమె నిలబడిందని సాక్ష్యం చెప్పింది. సెకండ్లతో సహా, ప్రపంచమంతా చూసే చోట.

గణితశాస్త్ర శాఖ మేల్కొంది. తడి వేలితో ఆమె బండ మీద వేసింది. తను అందరిలా మూడు నిమిషాల్లో దొడ్డి దాటి ఉంటే, అదే తొడలతో, అదే ఊపిరితో, పన్నెండుకు పదమూడు నిమిషాల ముందే తాడు దగ్గరికి వచ్చేది. నరేందర్ తాడు దాటింది ఆరు నిమిషాల తేడాతో. అంటే ఆ దొడ్డిలో అతను రెండు నిమిషాలకు బదులు తొమ్మిది నిమిషాలు తీసుకుని ఉంటే ఫ్లెక్సీలు లేవు, శాలువా లేదు, దేవుడు ఆడవాళ్లను ఎలా చేశాడో చెప్పే మైకు లేదు. నీటి రాతలు ఎండకు ఆరిపోయాయి. ఆమెకు తేలవలసింది ఇక ఒక్కటే: ఆ మహావీరుడికి, ఎవరూ అందించకుండా, తన సాక్సులు తాను తొడుక్కోవడానికి ఎంతసేపు పడుతుంది?

శాస్త్రానికి ప్రయోగం ప్రమాణం. ఆ మరుసటి ఆదివారం గాంధారిలో పెళ్లి ఉంది. నరేందర్ మంచం మీద కూర్చుని కాలు చాచి, "సాక్సులేవీ?" అన్నాడు. వంటగదిలోంచి ప్రమోద, "ఆడనే ఉన్నయి చూడుండ్రి," అంది. అది పచ్చి నిజం. అవి ఉండవలసిన అరలోనే ఉన్నాయి. ఆశ్రిత చదువుతున్నట్టు నటిస్తూ ఫోనులో గడియారం నొక్కింది. ఆ మహావీరుడు బీరువా తెరిచాడు, మూశాడు. సోఫా మెత్తలు ఎత్తాడు. మంచం కింద దూరాడు. ఇంటిని, ఇంటిని కట్టిన మేస్త్రీని, సాక్సులు కనిపెట్టినవాణ్ణి వరుసగా తిట్టాడు. ఒక దశలో, చరిత్ర నమ్మకపోవచ్చు గానీ, ఫ్రిజ్ తెరిచి చూశాడు. పదకొండు నిమిషాలు. కూతురు, తల్లి ఒకరి ముఖం ఒకరు చూసుకోలేదు. చూసుకుంటే నవ్వు ఆగేది కాదు.

ప్రమోద చొక్కాను మూడుసార్లు సబ్బుపెట్టి ఉతికింది. నీలం తేలింది. గ్రీసు మరక మాత్రం సరిగ్గా అంకె కింద చేయంత మేర నల్లగా నిలిచిపోయింది. ఉండనీ అనుకుని మడిచి తన చీరల అడుగున దాచింది.

ఆ ఏడాదంతా ఆమె ఎవరితోనూ పోట్లాడలేదు. కోపం రాలేదని కాదు. కోపాన్ని ఆమె పప్పు నానబెట్టినట్టు నానబెట్టింది. ఓటమి నేర్పిన పాఠాలు ఒక్కొక్కటే చేతికి తెచ్చుకుంది. ఆకలి వేయకముందే తినాలి. లింగంపేట ఎక్కుడు మొదలయ్యాక కాదు, కనబడగానే గేరు తగ్గించాలి. స్నానాల గదిలో తలుపేసుకుని, తడి ఒంటి మీద చొక్కా, తడి కాళ్లకు సాక్సులు తొడగడం ముప్పైసార్లు సాధన చేసింది. రెండు నిమిషాలు, నిమిషం యాభై, నిమిషం నలభై. ఆచారం విషయంలోనూ పరిశోధన జరిపింది. ఏడు రకాల స్టిక్కరు బొట్లను నీళ్లలో పరీక్షించి, ఈత టోపీ కింద గంటసేపు కదలకుండా ఉండేదాన్ని ఎంచుకుంది. అటు నరేందర్ కూడా ఊరికే లేడు. వాకర్స్ క్లబ్బులో, రైస్‌మిల్లు సంఘంలో, ఒక బారసాలలో సంకల్పబలం గురించి ప్రసంగించాడు. ప్రతి సన్మానంలోనూ భోజనం పెట్టారు.

మళ్లీ పోటీ ప్రకటన వచ్చినప్పుడు అతనే ఇద్దరి పేర్లూ ఇచ్చాడు. పాత అంకెలే మళ్లీ వచ్చాయి. "పోయినసారి లెక్కనే. సామాను నువ్వు చూసుకో. ఈసారి నా టైము ఇంక తగ్గాలె, ఊరంతా వస్తున్నది."

అన్యాయంగా ఆడకూడదని ఆమె ఒక్కసారి, స్పష్టంగా, రొట్టె వడ్డిస్తూ అడిగింది. "మీ సామాను ఈసారి మీరే చూసుకోరాదుండ్రి? ఒకవేళ నేను ఆగకపోతే?"

నరేందర్ నోట్లో ముద్ద ఉండగానే నవ్వాడు. "ఆగక ఏడికి పోతవ్?"

ఆమె ఇంకో రొట్టె వేసింది.

పోటీ ముందురోజు సాయంత్రం "బ్యాగు సదిరినవా?" అని అడిగితే, "మీవి అన్నీ అండ్లనే ఉన్నయి," అంది. ఇదీ పచ్చి నిజమే. సాధన నుంచి వచ్చినప్పుడల్లా అతను ఏ వరుసలో విసిరేశాడో ఆ వరుసలోనే ఉన్నాయి. చరిత్ర పరిశోధకులు ఆమె చేసిన కుట్ర ఏమిటని వెతికితే వాళ్లకు దొరికేది ఇంతే. ఆమె ఆ బ్యాగును ముట్టుకోలేదు.

మరునాడు ఆమె ముప్పై తొమ్మిది నిమిషాల్లో గట్టెక్కింది. చాప కీచుమంది. టోపీ తీసి పారేస్తే బొట్టు నుదుట నిలిచి ఉంది. తన జాగాలో వంగి గ్రీసు మరక చొక్కా తొడిగింది, సాక్సులు తొడిగింది, బూట్లు బిగించింది. ఒక మొరంగడ్డ నోట పెట్టుకుంది. సైకిలు మీద చేయి వేసింది. పక్క జాగాలో నూట పదిహేడో అంకె కింద నరేందర్ బ్యాగు జిప్పు మూసుకుని, పెద్దమనిషిలా, ఎవరో వచ్చి తెరుస్తారన్న ధీమాతో కూర్చుని ఉంది.

ఆమె కుడిచేయి ఆ బ్యాగు వైపు పోయింది. ఆమె పంపలేదు. అది తనంతట తానే పోయింది. ఉదయం నల్లా విప్పడానికి పోయినట్టు, పొయ్యి వెలిగించడానికి పోయినట్టు. వేళ్లు జిప్పును పట్టుకున్నాయి కూడా. ఒక్క రెండు నిమిషాలేగా, అంది ఏదో గొంతు. టవలు ఒక్కటి పరిచి పో. సాక్సులు ఒక్కటి బయట పెట్టి పో. పాపం, ఊరంతా వచ్చింది. ఆ గొంతు కమలవ్వది కాదు, నరేందర్‌ది కాదు. పదిహేనేళ్లుగా వాళ్లిద్దరికీ పని తగ్గించిన తన స్వంత గొంతే. తనలోని ఈ మనిషిని ఓడిస్తే తప్ప తాడు అందదని ఆమెకు అప్పుడు తెలిసింది. నరేందర్ పోటీలోనే లేడు.

వేళ్లను ఒక్కొక్కటిగా విప్పి, ఆ చేతిని తెచ్చి హ్యాండిలు మీద పెట్టింది.

సైకిళ్లు ఎక్కే గీత దగ్గర లష్కర్ భీమేష్ నిలబడి ఉన్నాడు. ఆమెను, చొక్కా మీది అంకెను, దాని కింది మరకను చూసి గుర్తుపట్టాడు. దారికి అడ్డంగా వేలాడుతున్న తాడును మామూలు కన్నా రెండు జానలు పైకెత్తి పట్టుకున్నాడు.

గట్టు మీది జనంలోంచి కుంకుమ భరిణతో కమలవ్వ తాడు దాకా ఉరికి వచ్చింది. ఆమె కళ్లు ముందు కోడలి నుదుటి మీద పడ్డాయి. అక్కడ చేయడానికి పని లేదు. తర్వాత మూసి ఉన్న బ్యాగు మీద పడ్డాయి. తర్వాత చెరువులోకి చూసింది. నడిమధ్యలో ఎక్కడో, పడవ పక్కన, నూట పదిహేడో అంకె ఎర్రటోపీ మెల్లమెల్లగా మునిగి తేలుతోంది.

"ఏయ్ పిల్లా! ఏడికి పోతున్నవే? నా కొడుకు ఇంక నీళ్లల్లనే ఉన్నడు! వాడొచ్చి నువ్వేదని అడిగితే నేనేం జెప్పాలె?"

ప్రమోద గీత దాటింది. పెడలు మీద కాలు వేసి, ఒంటిని సీటు మీదికి ఎత్తుకుంది. ఎల్లారెడ్డి రోడ్డు ఎదురుగా, ఖాళీగా, పొద్దుటి ఎండలో తెల్లగా పరుచుకుని ఉంది.

"మెల్లగ రమ్మన్ననని చెప్పుండ్రి, అత్తమ్మా."